అరువు సోఫా, అసలు బకాయి

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన ఇనుముతో కుస్తీ పట్టాడు, నేను కార్మికుల వ్యవహారాలు చూసే ఒక చిన్న సర్కారు ఆఫీసులో ఫైళ్లతో పట్టాను. రెండింట్లో ఇనుమే నయమని, అది కొడితే వంగుతుందని ఆయన చివరిదాకా వాదించాడు. రిటైరయ్యాక ఆ మాటలో న్యాయం ఉందని నేను ఒప్పుకున్నాను, కానీ వినడానికి ఆయన లేడు.

ఇప్పుడు అదే ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఆదివారం పూట ఝపటాపూర్‌లోని మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, "దీదీ, మీ సర్వీసులో గుర్తుండిపోయిన కేసు ఒకటి చెప్పండి" అంటారు. పెద్ద సమ్మె గురించో, ఫ్యాక్టరీ మీద దాడి గురించో చెబుతానని ముందుకు జరిగి కూర్చుంటారు. నేను ఒక సోఫా గురించి చెబుతాను. వాళ్ల ముఖాలు వాడిపోతాయి. వాడిపోనీ. మీరూ కొత్తగా చేరినవాళ్లే కదా, కాస్త ఓపిక పట్టి వినండి, రేపు మీ బల్ల మీదికి ఇలాంటి ఫైలే వస్తే పనికొస్తుంది.

ఒక మధ్యాహ్నం మా ఆఫీసు గుమ్మంలో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. ముప్పై దాటి ఉండవు. చీర కొంగు నడుముకి బిగించి, తగువుకి వచ్చినట్టే ఉంది. వెనకాల ఆమె భర్త, తలుపు చాటున సగం కనిపిస్తూ.

"ఇక్కడ తెలుగోళ్లు ఒకరున్నారంట. ఎవరమ్మా?" అంది.

"నానే. ఏటి పని?"

"మాకు రావలసిన డబ్బులు అడగడానికొచ్చినాను."

ఆ మాట తీరు నాకు నచ్చింది. మా ఆఫీసుకి వచ్చేవాళ్లు సాధారణంగా "దయచేసి" అని మొదలుపెట్టి ఏడుపుతో ముగిస్తారు. ఈమె కూర్చోమనకుండానే కూర్చుని చెప్పింది. వాళ్లది శ్రీకాకుళం వైపు. సర్దారు అని పిలిచే కూలీల మేస్త్రి ఒకడు ఊళ్లోకి వచ్చి మొగుడూ పెళ్లాలిద్దరికీ అడ్వాన్సు ఇచ్చి, నది అవతల ఒక ఇటుక బట్టీకి తీసుకొచ్చాడు. ఆ అడ్వాన్సుని ఇక్కడ దాదన్ అంటారు. ఎన్ని ఇటుకలు కోసినా దాదన్ తీరలేదు. తీరనిదే కదలనివ్వలేదు. ఊళ్లో తల్లి పోతే కూడా పంపలేదు. చివరికి అధికారులు వచ్చి విడిపించారు, వెట్టి నుంచి విడుదలైనట్టు ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. ఖరగ్‌పూర్ తెలుగు బస్తీలో దూరపు చుట్టాలుంటే ఇక్కడికి వచ్చి పడ్డారు.

అలా విడుదలైనవాళ్లకు సర్కారు సాయం చెయ్యాలి. వెంటనే కొంత, తర్వాత మళ్లీ బతుకు నిలబెట్టుకోవడానికి కొంత. ఆ వెంటనే ఇవ్వవలసింది ఏళ్లు గడిచినా రాలేదు. బట్టీ ఉన్న జిల్లావాళ్లు "మీరిప్పుడు ఉండేది అక్కడ కదా" అన్నారు. ఇక్కడివాళ్లు "విడిపించింది వాళ్లు కదా" అన్నారు. సొంత జిల్లాలో అడిగితే "అదంతా బెంగాల్ సంగతి" అన్నారు. మొత్తానికి ఈ మొగుడూ పెళ్లాలు ఎక్కడా లేరు.

"మరి ఇన్నాళ్లు ఊరుకుని ఇప్పుడొచ్చినారేటి?" అన్నాను.

ఆమె మొదటిసారి గొంతు తగ్గించింది. ప్రేమ్ బజార్‌లో పెద్ద కాలేజీ గేటు దగ్గర బండి మీద ఇడ్లీలు అమ్ముతోందట. చదువుకునే పిల్లలు బాగానే తింటారు. కానీ బండి అద్దెది, పిండి రుబ్బే గ్రైండరు అద్దెది. వచ్చిందంతా అద్దెలకే సరి. భర్తకి రోజుకూలి పని దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు. ఈలోగా ఆ పాత సర్దారే మళ్లీ బస్తీలో తిరుగుతున్నాడు. కాళీపూజ, అంటే మన దీపావళి, అయ్యాక బట్టీలు మొదలవుతాయి, దాదన్ తెస్తానన్నాడట.

"ఈయన వద్దనలేదమ్మా. వద్దనలేదంటే ఎలిపోతాడని. ఈయన ఎల్తే నానూ ఎల్లాల, జంటకే గదా వోళ్లు దాదన్ ఇస్తారు" అంది.

తలుపు చాటు మనిషి నేల చూస్తూ ఉండిపోయాడు. నిజం చెబుతున్నాను, నాకు ఒళ్లు మండిపోయింది. కాళీపూజలోగా ఆ డబ్బు రావాలి. రాకపోతే సర్కారు ఒకసారి విడిపించిన మనుషులు మళ్లీ వాళ్లంతట వాళ్లే నడిచి వెళ్లి అందులో పడతారు.

మా బడోబాబు, అంటే హెడ్ క్లర్కు, మంచివాడే. ఫైలుకి తాడు ఆయన కట్టినంత అందంగా ఇంకెవరూ కట్టలేరు. విప్పడమే ఆయనకు ఇష్టం ఉండేది కాదు. నేను రోజూ ఆయన బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ తాడు విప్పించి, మూడు ఆఫీసులకూ ఫోన్లు చేసి, ఎవరి పని ఏదో వాళ్ల చేత ఒప్పించాను. ఇక మిగిలింది ఒక్కటే. మా ఆఫీసర్ స్వయంగా ఇంటికి వెళ్లి, వాళ్లు ఫలానా మనుషులే అని చూసి రావాలి. ఆయన కొత్తగా వచ్చిన బెంగాలీ కుర్రాడు, పచ్చి నిజాయితీపరుడు. చూసింది చూసినట్టు రాస్తాడు. అదే మా ప్రాణం మీదికి వచ్చింది.

ఆయన వెళ్లవలసిన వారం నేను మేనకోడలి పెళ్లికి విజయనగరంలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి బడోబాబు నవ్వు ఆపుకుంటూ రిపోర్టు నా ముందు పెట్టాడు. "దీదీ, మీ వెట్టి కూలీలు మన ఇద్దరికన్నా బాగున్నారు" అన్నాడు.

రిపోర్టు చదివి తల పట్టుకున్నాను. ఇంట్లో సోఫా ఉంది. టీవీ ఉంది. ఫ్రిజ్ ఉంది. కిటికీకి పూల పరదా ఉంది. కోడికూర, గారెలు, పాయసం, గోల్‌బజార్ రసగుల్లా స్టీలు సామానులో వడ్డించారు. ఇంత సదుపాయంగా ఉన్న కుటుంబం కొన్నేళ్ల కిందటిదాకా వెట్టిలో మగ్గిందంటే నమ్మశక్యంగా లేదు. సర్టిఫికెట్ సరైనదేనా అన్నది విచారించాలి, అప్పటిదాకా చెల్లింపు ఆపాలి. ఇదీ సారాంశం. ఫోటో కూడా జతపరిచాడు. అందులో ఆఫీసర్ సోఫాలో కూర్చుంటే మోకాళ్లు ఫ్రిజ్ తలుపుకి ఆనుకుని ఉన్నాయి. గది అంతే మరి.

ఆ సాయంత్రమే బస్తీకి వెళ్లాను. నా కోపం సంగతి బస్తీలో అందరికీ తెలుసు కాబట్టి ఎదురింటి మామ్మ తప్ప అందరూ లోపలికి తప్పుకున్నారు. మామ్మ ఒక రైల్వే ఖలాసీ భార్య, ఆయన పోయాక బస్తీ మొత్తానికి ఆమే పెద్ద.

"మామ్మా, ఆ ఒంటిగదిలో ఫ్రిజ్జు ఎవరు పెట్టినారు?"

"నానే పెట్టించినాను. మా సిన్నోడిది. నలుగురు మోసినారు."

"కరెంటుకి పెట్టడానికి సోటైనా ఉందా అక్కడ?"

"కరెంటెందుకే? సూడ్డానికి గదా. లోపల నీళ్ల సీసా పెట్టినాం."

"సోఫా?"

"డ్రైవరు గారింటిది. టీవీ టికెట్ బాబు ఇంటిది. పరదా నా కోడలిది. ఏటి తప్పు? సర్కారు ఆఫీసరు ఇంటికొస్తే సాప మీద కూకోబెడతామేటి? రేపు తెలుగోళ్లింట్లో కుర్చీ కూడా లేదని ఊరంతా సెప్పుకోరూ? మన పరువేటవుద్ది?"

"పరువు నిలబడింది మామ్మా. డబ్బులే పోనాయి" అన్నాను.

ఇందులో వింతేమీ లేదు, మా బస్తీల్లో ఇది అలవాటే. పెళ్లిచూపులకి ఒకరింటి కుర్చీలు ఇంకొకరింటికి నడుస్తాయి. మా అక్క పెళ్లిచూపులకి వచ్చిన గడియారం ఎవరిదో మాకు ఇప్పటికీ తెలియదు. ఎవరింటికి గౌరవంగల మనిషి వచ్చినా అది బస్తీ మొత్తానికి వచ్చినట్టే. ఆ ఇడ్లీల ఆమె వద్దు వద్దంటున్నా వినకుండా సామాను దింపేశారట. పాపం, ఆఫీసర్ తిన్న కోడికూర కూడా ఆమెది కాదు.

మర్నాడు ఆఫీసర్ ముందు నిలబడి జరిగింది చెప్పాను. ఆ సాయం పేదరికానికి కాదు, వెట్టిలో ఉన్నందుకు అని కూడా చెప్పాను. "అది నాకు తెలుసు దీదీ" అన్నాడాయన. "కానీ నేను కళ్లారా చూసింది రాశాను. మీరు చెప్పారని కొట్టేస్తే రేపు నన్ను ఎవరైనా అడగరా? ఇంకోసారి వెళ్లి చూస్తాను, మీరూ రండి." అంతకన్నా న్యాయం అడగలేను. బస్తీకి కబురు పంపాను: ఎవరి సామాను వాళ్లు పట్టుకుపోండి, ఇల్లు ఎలా ఉండేదో అలాగే ఉంచండి.

మామ్మ ఆ మాట ఎలా అర్థం చేసుకుందో వెళ్లాక తెలిసింది. సోఫా, టీవీ, ఫ్రిజ్ పోవడం సరే. వాటితోపాటు వాళ్ల సొంత చాప, స్టవ్, దండెం మీది బట్టలు, ఆఖరికి బల్బు కూడా తీసేశారు. గదిలో నాలుగు గోడలు, మధ్యలో మొగుడూ పెళ్లాలు తప్ప ఏమీ లేదు. పేదగా కనబడాలంటే ఏ లోటూ లేకుండా కనబడాలని మామ్మ పట్టుదల.

ఆఫీసర్ గడపలోనే ఆగిపోయాడు. ఖాళీ గదిని చూశాడు, నన్ను చూశాడు. "దీదీ, నేను వస్తున్నానని అన్నీ దాచేశారు కదూ? ముందు కన్నా ఇప్పుడే నాకు అనుమానం ఎక్కువైంది" అని బెంగాలీలో అన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. ఆ పెన్ను కాగితం మీద పెడితే కాళీపూజ కాదు, పైయేటి కాళీపూజకి కూడా డబ్బు రాదు.

అప్పుడు ఇడ్లీల ఆమె ముందుకొచ్చింది. వచ్చిన హిందీ, రాని బెంగాలీ కలిపి, "సాబ్, ఆ సామాను మాది కాదు. వాళ్లది" అని వీధిలోకి చెయ్యి చూపించింది.

"వాళ్లదని నాకెలా తెలుస్తుంది?" అన్నాడాయన.

మామ్మకి బెంగాలీ బాగా వచ్చు. ఈ ప్రశ్న ఆమెకి అవమానంగా తోచింది. వీధిలోకి తిరిగి ఒక్క కేక వేసింది: "ఓలమ్మా, అందరూ తెండే! ఈ బాబు తిన్న పల్లాలు, తాగిన గలాసులు, అన్నీ తెండి!"

ఇక చూడండి. ముందు స్టీలు సామాను వచ్చింది. వెనక పరదా, దాని వెనక టీవీ. సోఫా వీధి మలుపులో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. ఫ్రిజ్‌ని మాత్రం నేను చేతులు జోడించి ఆపాను. గది నిండా పళ్లాలూ గ్లాసులూ పేర్చి, ఆడవాళ్లు గుమ్మం బయట వరసగా నిలబడ్డారు.

తెలుగు ఇళ్లలో స్టీలు సామాను మీద పేరు చెక్కించడం మనకి తెలిసిన సంగతే. ఆఫీసర్‌కి తెలియదు. ఒక గ్లాసు ఎత్తి చూసి, "ఇదేమిటి, ముగ్గా?" అన్నాడు.

"పేర్లు సార్. ఎవరిది వాళ్లు చెక్కించుకుంటారు. నేను చదువుతాను" అన్నాను.

"వద్దు దీదీ. మీరూ తెలుగువారే కదా. మీరు చదివితే చెల్లదు" అన్నాడు. నిజాయితీపరుడని ముందే చెప్పాను కదా. నన్ను కూడా గుమ్మం బయటికి పంపేశాడు. తర్వాత ఆయన చేసిన ఏర్పాటు మాత్రం మెచ్చుకోవాలి. ఒక్కొక్క ఆడమనిషినీ పిలిచి, గ్లాసు చూపించకుండా, దాని మీద ఉన్న అక్షరాలు గడప ముందు ముగ్గుపిండితో వెయ్యమన్నాడు. ఆమె వేసింది, ఆయన వంగి గ్లాసు మీది గీతల్నీ గడప మీది గీతల్నీ ఒకటొకటిగా పోల్చి చూశాడు. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి సున్నాలూ కొమ్ములూ లెక్కపెట్టుకుంటూ, "ఇక్కడ తోక ఉంది, అక్కడ లేదే?" అని అడిగాడు.

"చెక్కినోడు మరిసిపోనాడు బాబూ" అంది డ్రైవరు గారి భార్య. ఆ పేరుకి నిజంగానే అక్కడ ఒక కొమ్ము ఉండాలి, గ్లాసు మీద లేదు. ఆఫీసర్ ఆనందం చూడాలి.

మామ్మకి చదువు రాదు. ఆమె వంతు వచ్చేసరికి నడుం మీద చెయ్యి వేసుకుంది. "నాకు రాతలు తెలవవు. నా పల్లానికి ఓ పక్క సొట్ట ఉంటాది సూడు. మా ఆయన తాగొచ్చిన రోజు ఇసిరినాను. ఆయన తలకాయలో కూడా ఉండీది అదే సొట్ట. ఆయన లేడు గానీ లేకపోతే సాక్ష్యం పిలిసీదాన్ని." ఆఫీసర్ పళ్లెం తిప్పి సొట్ట కనుక్కున్నాడు. అంత గంభీరమైన మనిషీ పళ్లెం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. వీధి వీధంతా నవ్వింది. నేను కూడా కాసేపు ఎందుకొచ్చామో మరిచిపోయాను.

ఒకరి తర్వాత ఒకరు ఎవరి సామాను వాళ్లు తీసుకుపోయారు. గది మళ్లీ ఖాళీ అయింది. చివరికి ఒక గ్లాసు మిగిలింది. పాత అల్యూమినియం గ్లాసు, అంచు వంకరపోయింది. ఆఫీసర్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా పేరు లేదు.

"ఇదెవరిది?" అన్నాడు.

"మాది సాబ్. దాచిన సామానులోంచి వీటితో కలిసి వచ్చేసింది" అంది ఇడ్లీల ఆమె.

"మరి అందరివాటి మీదా పేరుంది, దీని మీద ఏది?" అన్నాడు ఆయన. పట్టుకున్నానన్న ధోరణిలోనే అడిగాడు.

ఆమె తెలుగులోకి దిగిపోయింది. నన్ను చూసి, "నువ్వు సెప్పమ్మా" అంది. "పేరు ఏయించాలంటే బజారుకెళ్లాల గదా. బట్టీలో ఉన్నన్నాళ్లూ మమ్మల్ని బజారుకి పోనిచ్చినోడు ఎవుడున్నాడు? జ్వరమొస్తే మందుకి కూడా పంపలేదు. గలాసుకి పేరేయిస్తామంటే పంపుతారా?"

నేను అనువాదం చేశాను. ఈసారి మీరు తెలుగువారు కదా అని ఆయన అనలేదు. గ్లాసు చేతిలోనే పట్టుకుని, ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పించుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. గది మధ్యలో కటిక నేల మీద కూర్చుని రాసుకున్నాడు. మామ్మ బస్తీ పరువు పోతోందని చాప తేబోతే నేను కొంగు పట్టి లాగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

పాత రిపోర్టు ఆయనే రద్దు చేసి కొత్తది రాశాడు. అందులో వెట్టికి రుజువుగా ఆ గ్లాసు సంగతి పెట్టాడు. పై ఆఫీసువాళ్లు దాన్ని ఏమనుకున్నారో గానీ మారుమాట్లాడలేదు. బడోబాబు తాడు కట్టకుండానే ఫైలు పంపించాడు, అది ఆయన జీవితంలో మొదటిసారి. దుర్గాపూజ సెలవులు అడ్డం వచ్చి మాకు నిద్ర లేకుండా చేశాయి, కానీ కాళీపూజకి ముందే బకాయి డబ్బు వాళ్ల ఖాతాలో పడింది. కోర్టులో బట్టీ యజమాని మీది కేసు తేలితే రావలసిన మిగతా సాయం వేరే ఉంది. దాని కోసం నేను ఇప్పటికీ మా పాత ఆఫీసుకి ఆ ఇడ్లీల ఆమెతో పాటు వెళ్లి బెంచీ మీద కూర్చుంటాను. మీ బల్ల ముందు కూర్చునే ముసలావిడ నేనే, గుర్తుపట్టండి.

కాళీపూజ వెళ్లాక ఒక పొద్దున ప్రేమ్ బజార్ వెళ్లాను. బండి కొత్తది, గ్రైండరు సొంతం. ఆమె ఇడ్లీలు తీస్తోంది, ఆయన చట్నీ వేస్తున్నాడు. నేను తింటూ ఉండగా చేతిసంచీతో ఒక లావుపాటి మనిషి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి ఆగిపోవడం చూసి ఎవరో నాకు అర్థమైంది. సర్దారు తొందరపడలేదు. ఇడ్లీలు పెట్టించుకుని తిన్నాడు, మళ్లీ వేయించుకున్నాడు, చెయ్యి కడుక్కుని సంచీలోంచి నోట్ల కట్ట తీసి బండి మీద పెట్టాడు.

"దాదన్ తెచ్చినాను. ఇద్దరికీ. రేపు బండెక్కాల" అన్నాడు.

ఆమె మొగుడి వైపు చూసింది. నేనూ చూశాను. ఇన్ని నెలల్లో ఆ మనిషి నోటి నుంచి నేను ఒక్క మాట వినలేదు. ఆయన చేతులు తువ్వాలుకి తుడుచుకుని, ఆ నోట్ల కట్టని వేలితో సర్దారు వైపుకే తోశాడు.

"పప్పు కడగడానికి మనిషి కావాల. నువ్వొస్తావేటి?" అన్నాడు. "దాదన్ నాను ఇస్తాను. తీరీదాకా ఈ బజారు దాటకూడదు."

సర్దారు పకపకా నవ్వాడు. ఎదుటి మనిషి నవ్వడం లేదని గమనించి ఆపేశాడు. కట్ట సంచీలో పడేసుకుని, ఏదో గొణుక్కుంటూ లేచి గేటు వైపు నడిచాడు. ఇడ్లీల ఆయన ఒక్క క్షణం ఆగి, గరిటె చేత్తో పట్టుకునే వెనకాల పరుగెత్తాడు. కొట్టడానికే అనుకుని నేను ప్లేటు వదిలేసి లేచాను. కొట్టలేదు. సైకిళ్ల మధ్యలో అడ్డం తిరిగి నిలబడి, చెయ్యి చాపి, ఇడ్లీ డబ్బులు అడిగాడు. చదువుకునే పిల్లలందరూ చూస్తుండగా సర్దారు జేబులు తడుముకుని ఇచ్చాడు.

ఆయన తిరిగొచ్చి ఆ చిల్లర భార్య చేతిలో పోశాడు. ఆమె దాన్ని గల్లాపెట్టెలో వెయ్యకుండా పిడికిట్లో పట్టుకుని నిలబడింది.

"ఆడి సేతిలోంచి అప్పు కాని డబ్బు మాకు రావడం ఇదే మొదలమ్మా" అంది.